హామీదారులు వచ్చారు

అమెరికా తెలుగు కథల్లో ఒక ముసలాయన ఉంటాడు. కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. బయట మంచు పడుతుంటుంది. కొడుకు ఆఫీసులో, కోడలు ఆఫీసులో, మనవడు ఇంగ్లీషులో. రోడ్డు మీద మనిషన్నవాడు కనబడడు, పక్కింటివాడి పేరు తెలీదు, కాఫీ తనే పెట్టుకోవాలి. ఆయనకి ఊళ్ళో రచ్చబండ గుర్తొస్తుంది, పోయిన భార్య గుర్తొస్తుంది. కథ చివర రిటర్న్ టికెట్ ముందుకి జరుపుకుంటాడు. విమానం పైకి లేస్తుంది. మనం కళ్ళు తుడుచుకోవాలి.

ఈ కథ నేను కనీసం ఇరవైసార్లు చదివాను. పేర్లు మారతాయి, రచ్చబండ ఒకచోట గుడి అరుగవుతుంది, ఇంకోచోట గ్రంథాలయం మెట్లవుతుంది. కోడలు మాత్రం మారదు. పోనీ, కోడళ్ళ సంగతి ఇంకెవరైనా రాస్తారు. నా గొడవ వేరు. ఈ కథలన్నిట్లోనూ ముసలాయనకి ఒక గది ఉంది. దానికి తలుపుంది. ఆయన ఒంటరితనం అంతా నాలుగు బెడ్రూముల ఇంట్లో జరుగుతుంది. 1987 నాటి ‘పడమటి సంధ్యారాగం’ నుంచీ మనకి తెలిసిన అమెరికా తెలుగు కుటుంబమంటే అక్కడ స్థిరపడిపోయిన కుటుంబం. స్థిరపడనివాళ్ళ దగ్గరికి కూడా అమ్మానాన్నలు వస్తారనీ, వాళ్ళకి గది ఉండదనీ, ఏ కథకుడికీ తోచినట్టు లేదు. ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లలం కథల్లోకి వస్తే గ్యాస్ స్టేషన్లో కౌంటర్ వెనక నిలబడటానికి వస్తాం, లేకపోతే తుపాకీ గుండు తగిలి వార్తయ్యి వస్తాం. మా ఇంటికి చుట్టాలు రావడమేమిటి?

వస్తారు. మా ఇంటికొచ్చారు. డెంటన్‌లో, డాలస్‌కి ఉత్తరాన నలభై మైళ్ళ దూరంలో, రెండు బెడ్రూముల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు అమ్మాయిలం ఉన్న ఇంటికి మా అమ్మా నాన్నా వచ్చి ఏడు వారాలున్నారు. ఆ ఏడు వారాల్లో నేను చేసిన పనిని ‘అతిథి మర్యాద’ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. నేను చేసింది మోసం. ఏటా మే నెలలోనూ డిసెంబర్‌లోనూ ఇక్కడ ఎంతోమంది చేస్తున్నదీ అదే. అందుకే రాస్తున్నాను.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా ఖమ్మం డిపోలో రిటైరయ్యాడు. 2019లో 52 రోజుల సమ్మె చేసినవాళ్ళలో ఒకడు. పెన్షన్ నాలుగు వేలు దాటదు. నేను ఎమ్మెస్‌కి రావడానికి బ్యాంకు ముప్ఫై ఐదు లక్షలిచ్చింది, పది శాతం పైన వడ్డీకి, మా ఇంటి కాగితాలు తనఖా పెట్టించుకుని. సహ దరఖాస్తుదారుగా నాన్న సంతకం, హామీదారుగా మా మామయ్య సంతకం. అమ్మ సంతకం కూడా ఎక్కడో ఉంది, ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలీదు.

కాన్వొకేషన్‌కి వీళ్ళని పిలవాలని పట్టుబట్టింది నేనే. వాళ్ళడగలేదు. నాన్నయితే “ఫోన్లో చూపియ్యి చాలు” అన్నాడు. కానీ అంతకు ముందు సెమిస్టర్‌లో ఇద్దరు ముగ్గురు అమ్మాయిల ఫొటోలు చూశాను: నల్ల గౌను వేసుకున్న కూతురు, పక్కన పట్టుచీరలో అమ్మ, కూతురి టోపీ తన నెత్తిన పెట్టుకున్న నాన్న. నాకా ఫొటో కావాలి. అంతే. మిగతా కారణాలన్నీ తర్వాత కల్పించుకున్నవి.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి వెళ్ళేటప్పుడు ఇంటి కాగితాలు పట్టుకెళ్ళమని ఎవరో చెప్పారు. తిరిగి వస్తామని రుజువు చూపించాలి కదా, ఇల్లుంటే తిరిగొస్తారని నమ్ముతారట. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. నాన్న వెళ్ళి జిరాక్సు అడిగి తెచ్చుకున్నాడు. అంటే, నన్ను ఇక్కడికి పంపడానికి తాకట్టుపడ్డ కాగితమే, ఇక్కడే ఉండిపోరని వాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పాలి. ఆఫీసర్ దాన్ని చూడనైనా చూడలేదు. రెండు ప్రశ్నలడిగి 214(బి) అని రాసున్న కాగితం చేతిలో పెట్టాడు. తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదని దానర్థం. రెండోసారి వెళ్తే ఇచ్చారు. మనిషికి 185 డాలర్ల చొప్పున, ఇద్దరికీ, రెండుసార్లు. 740 డాలర్లు. క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యనివ్వరు కాబట్టి ఆ మొత్తం సంపాదించడానికి నాకు ఎన్ని వారాలు పట్టిందో నాకు తెలుసు. టికెట్లు క్రెడిట్ కార్డు మీద.

ఇహ ఇల్లు సర్దడం. నేను పడుకునేది హాల్లో, గోడవారగా వేసిన పరుపు మీద. గదుల్లో ఉన్నవాళ్ళకంటే అద్దె తక్కువని రెండేళ్ళుగా అక్కడే ఉన్నాను. పరుపు పైకెత్తి బట్టల అలమార వెనక దాచాం. ఒక గదిలో ఉండే ఇద్దరమ్మాయిలని బతిమాలితే ఒకామె వేరే స్నేహితురాలి ఇంటికెళ్ళింది, ఒకామె పక్కగదిలోకి సర్దుకుంది. ఆ గదిని ‘నా గది’ అన్నాను. గోడమీద నా ఫొటోలు అంటించాను. టేబుల్ మీద నా పుస్తకాలు పెట్టాను. ఒక రంగస్థలం కట్టడానికి పట్టినంత పని పట్టింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఇక్కడ ఇంట్లోకే పల్లకీ తెచ్చి పెట్టాం.

వాళ్ళొచ్చాక తెలిసింది, ఈ నాటకంలో నాతో పాటు మిగతా నలుగురికీ వేషాలున్నాయని. హాల్లో నాన్న కూర్చుని ఉంటాడు కాబట్టి ఎవ్వరూ నిక్కర్లతో తిరగడానికి లేదు. ఫోన్లో అబ్బాయితో మాట్లాడాలంటే మెట్ల మీదకెళ్ళాలి. బాత్రూంలోంచి వచ్చేటప్పుడు దగ్గాలి. పాపం, నాన్న ఈ ఇబ్బంది కనిపెట్టి పొద్దున ఆరింటికే పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళిపోయేవాడు. ఎనిమిదింటిదాకా కార్ల మధ్య తిరిగేవాడు. ఆయన నడకని మేమంతా ఆరోగ్య సూత్రం అనుకున్నాం.

అమ్మ మూడో రోజునుంచి ఐదుగురికి వండింది. కాయిల్ పొయ్యి మీద ఎండుమిరపకాయల తాలింపు వెయ్యగానే స్మోక్ అలారం మోగింది. అమ్మ భయపడి గిన్నె వదిలేసింది. ఆ తర్వాత పద్ధతి కుదిరింది: తాలింపు వేళకి ఒకమ్మాయి టవల్ పట్టుకుని అలారం కింద నిలబడి విసరాలి. అందరూ నవ్వుకున్నాం, వీడియోలు తీశాం. “ఆంటీ చేతి పప్పు” అని స్టేటస్‌లు పెట్టాం. నా తరంవాళ్ళు ‘అమ్మ చేతి వంట’ అని ఎక్కడ రాసినా నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఖమ్మంలో నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, పదహారు గంటల విమానంలో కాళ్ళు వాచి వచ్చి, ఇంకో పొయ్యి ముందు నిలబడింది. వెళ్ళే ముందు వారమంతా ఫ్రీజర్ నింపింది. డబ్బాలమీద తేదీలు రాసింది. గది ఇచ్చిన ఇద్దరికీ ఆ వంటే అద్దె. ఇది ఎవ్వరం పైకి అనలేదు గానీ, ఐదుగురికీ తెలుసు. బహుశా అమ్మకి అందరికంటే ముందే తెలుసు.

ఇక చూపించాల్సిన చోట్లు. వీటికో పట్టిక ఉంది, ఎవరు రాశారో తెలీదు, డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింటికి చుట్టాలొచ్చినా అదే. కెనెడీని కాల్చిన డీలీ ప్లాజాలో రోడ్డు మీద ఎక్స్ గుర్తు. ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి. ఒక అవుట్‌లెట్ మాల్. ఒక బంధువు ఇల్లు. నాకు కారు లేదు, ప్రతిదానికీ ఎవర్నో ఒకర్ని అడగాలి, పెట్రోలు పోయించాలి, వాళ్ళకి వీలైన రోజునే మనకి గాంధీ మీద భక్తి కలగాలి. బంధువు ఇంట్లో రెండు రోజులున్నారు. మెట్లమీద కార్పెట్, పెరట్లో కరివేపాకు కుండీ, సినిమా చూసే గది. నాన్న అన్నీ చూసి, రాత్రి నాతో ఫోన్లో, “నీదీ ఇట్లనే అయితది గదా ఇంకో నాలుగేండ్లకి” అన్నాడు. ప్రశ్న కాదది. నేను అవునన్నాను.

ఎందుకంటే అప్పటికే పెద్ద అబద్ధం ఒకటి నడుస్తోంది. నాకు ఉద్యోగం వచ్చిందనీ, జూన్ ఒకటిన చేరతాననీ, టికెట్లు కొనకముందే చెప్పేశాను. లేకపోతే వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. నిజానికి జూన్ ఒకటి నా ఓపీటీ మొదలయ్యే తేదీ. ఆ రోజునుంచి ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు, దాటితే ఇక్కడ ఉండే హక్కు పోయినట్టే. అంటే గడియారం మొదలయ్యే రోజుని నేను వాళ్ళకి పండగ రోజుగా చెప్పాను. అమ్మ ఆ రోజు పాయసం చేసింది. నేను తిని, బ్యాగు తగిలించుకుని ‘ఆఫీసు’కి వెళ్ళాను. యూనివర్సిటీ లైబ్రరీకి.

జూన్ రెండోవారంలో ఒక రాత్రి రెండింటికి అమ్మ నన్ను లేపింది. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి గుండెమీద, చెమటలు. ఆయనకి షుగరుంది, బీపీ ఉంది. నేను కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ చవకది. ముందునుంచే ఉన్న జబ్బులకి వర్తించదని అందులో స్పష్టంగా ఉంది, హఠాత్తుగా ముదిరితే వర్తించవచ్చని ఇంకోచోట ఉంది, ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో చదవడానికి రాత్రి రెండు గంటలు సమయం కాదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. 911 నొక్కలేదు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయికి అంబులెన్స్ ఒక్కదానికే వెయ్యి డాలర్ల పైన బిల్లు రావడం గుర్తొచ్చింది. క్రెడిట్ కార్డులో ఎంత మిగిలిందో గుర్తొచ్చింది. ఒక నిమిషమో, నిమిషంన్నరో. నాన్న మొహం చూస్తూ నేను లెక్క వేశాను.

“గ్యాసే లే బిడ్డా,” అన్నాడాయన. “రాత్రి శనగపిండి ఎక్కువైంది.”

అమ్మ వాము నలిపి వేడినీళ్ళలో ఇచ్చింది. కాసేపటికి తేన్పులొచ్చాయి, చెమట తగ్గింది. గ్యాసే. కాకపోయుంటే ఈ వ్యాసం ఉండేది కాదు, లేక ఇంకోలా ఉండేది. కానీ ఆయన ఆ మాట తేన్పు రాకముందే అన్నాడు. ఆయనకీ ఆ క్షణంలో గ్యాసో కాదో తెలీదు. నా మొహంలో లెక్క నడవడం చూసి, నాకోసం దాన్ని ముగించాడు. జీవితమంతా బస్సులో మనుషుల మొహాలు చూసి టికెట్ తీసుకున్నవాడెవడో తీసుకోనివాడెవడో చెప్పిన మనిషి. తప్పించుకోవడం నా వల్ల అవుతుందా?

ఇప్పుడు అసలు వాదనకొస్తాను. మనవాళ్ళు దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు: “కష్టాలు వాళ్ళకెందుకు చెప్పాలి, బాధపడతారు. ఒక్కసారి వస్తారు, సంతోషంగా చూసి వెళ్ళనీ.” ఇందులో ప్రేమ ఉన్నట్టే కనిపిస్తుంది. కొంత ఉంది కూడా. కానీ మన అమ్మానాన్నలు ఇక్కడికి చుట్టాలుగా మాత్రమే రారు. అప్పు పత్రం మీద సంతకం పెట్టి వస్తారు. సంతకం పెట్టినవాడికి డబ్బు ఎక్కడికి పోయిందో చూసే హక్కుంది. బ్యాంకువాడికి మన మార్కుల జాబితాలు పంపిస్తాం, ఫీజు రసీదులు పంపిస్తాం. తాకట్టుపడ్డ ఇంట్లో పడుకునేవాళ్ళకి మాత్రం ఎక్స్ గుర్తు, గాంధీ విగ్రహం, అవుట్‌లెట్ మాల్. వాళ్ళు బాధపడతారని దాస్తున్నామా, వాళ్ళు లెక్కడుగుతారని దాస్తున్నామా? నామటుకు నాకు రెండోదే నిజం.

రెండో సమాధానం కాస్త గట్టిది. అమ్మానాన్నలకీ ఆ షో కావాలి, ఊళ్ళో చెప్పుకోవడానికి. నిజమే. టోపీ పెట్టుకున్న ఫొటో నాన్న వాట్సాప్ డీపీగా ఇప్పటికీ ఉంది. మా వీధిలో నా తర్వాత ఇద్దరు అమెరికా బయల్దేరారు, అందులో ఒకళ్ళ నాన్న ఆ ఫొటో చూసే ధైర్యం చేశాడట. ఇది విన్నప్పటినుంచి ఆ ఫొటో అంటే నాకు భయం. మన నాటకం మన ఇంట్లో ఆగదు. ఇంకో ఇంటి కాగితాలు బ్యాంకుకి చేరతాయి. కన్సల్టెన్సీలవాళ్ళు డబ్బు పోసి వేసుకునే హోర్డింగుల కంటే మనం ఉచితంగా ఇచ్చే ఈ ఫొటోలు ఎక్కువ పని చేస్తాయి.

మూడోది నా స్నేహితులు కొందరు అనే మాట: తప్పు పిల్లలది కాదు, వీసాలదీ వడ్డీలదీ వైద్యం ఖరీదుదీ. ఒప్పుకుంటాను. ఒక మనిషి గుండె పట్టుకుని కూర్చుంటే ఇంకో మనిషి బిల్లు గురించి ఆలోచించాల్సి రావడం నా గుణలోపం ఒక్కటే కాదు. అయితే ఆ వ్యవస్థ గురించి ఇంట్లో ఎవరికీ తెలియకుండా కాపలా కాసింది ఎవరు? ఉద్యోగం లేదనీ, ఇన్సూరెన్స్ పనికిమాలిందనీ, కార్డు నిండిపోయిందనీ ముందే తెలిసుంటే నాన్న ఆ రాత్రికి ముందే ఏదో ఒకటి చేసేవాడు. కనీసం రావడం మానేసేవాడు. ఆ నిర్ణయం ఆయన చేతుల్లో లేకుండా చేసింది అమెరికా ప్రభుత్వం కాదు.

కాబట్టి నేననేది ఇంతే: చూపించడానికి పిలవకండి. పిలిస్తే పరుపు హాల్లోనే ఉంచండి. గది లేదని చెప్పండి, పది రోజులు చాలని చెప్పండి. ఇన్సూరెన్స్ దేనికి వర్తించదో టికెట్ కొనకముందే ఇద్దరికీ చదివి తెలుగులో వినిపించండి. అమ్మకి వంట వద్దనండి, వినదు, అప్పుడు గిన్నెలైనా మీరు తోమండి. ఇంత చెప్పాక వాళ్ళు రామంటే, రానివ్వకండి. ఫోన్లో చూపించండి. నాన్న మొదట అడిగింది అదే. కథలు రాసేవాళ్ళతో కూడా ఒక మాట: కిటికీ పక్కన ముసలాయన్ని కాసేపు లేపండి. గ్యాస్ స్టేషన్లో పిల్లల్ని ఎలాగూ రాస్తున్నారు, వాళ్ళింటికి వచ్చిన వాళ్ళ నాన్నని ఎక్కడ పడుకోబెట్టారో అడగండి.

ఆ రాత్రి తర్వాత రెండో రోజు నేను ‘ఆఫీసు’కి బయల్దేరుతుంటే నాన్న కూడా చెప్పులేసుకున్నాడు. “మీ బస్సు ఒక్కసారి ఎక్కుత,” అన్నాడు. ఐదు వారాలుగా ఆ బస్సుని పార్కింగ్ లాట్‌లోంచి చూస్తున్నాడట, నేనే ఎక్కించలేదు. బస్సు పట్టికలో లేదు కదా.

ఎక్కగానే మొదటి ప్రశ్న, “కండక్టర్ లేడా?” లేడని చెప్పాను. “మరి డ్రైవర్ ఒక్కడే తోలుకుంట టికెట్ చూసుకుంటడా?” రెండో స్టాపులో చక్రాల కుర్చీలో ఒకాయన ఎక్కాలి. బస్సు ఆ పక్కకి ఒంగింది, తలుపులోంచి పలక కిందికి దిగింది, డ్రైవర్ సీట్లోంచి లేచి వచ్చి కుర్చీని పట్టీలతో బిగించాడు. మూడు నిమిషాలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. నాన్న సీట్లోంచి సగం లేచి చూశాడు. డీలీ ప్లాజాలో కూడా ఆయన అలా చూడలేదు. ముందు వైపు సైకిళ్ళు తగిలించే కొక్కేల గురించి అడిగాడు, డ్రైవర్‌కి ఎన్ని గంటల డ్యూటీ అనడిగాడు, యూనియన్ ఉందా అనడిగాడు. నాకు తెలీదన్నాను. రెండేళ్ళుగా ఎక్కుతున్నా నాకు తెలీదు.

బస్సు లైబ్రరీ ముందు ఆగింది. అదే చివరి స్టాపు. నేను దిగాలి, ఆయనా దిగాడు. “ఇదేనా ఆఫీసు?” అన్నాడు. బోర్డు ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో ఉంది. ఆయన చదవగలడు.

లోపల మూడో అంతస్తులో నా పక్కన కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ తెరిచి దరఖాస్తులన్నీ రాసుకున్న షీటు చూపించాను. కంపెనీ, తేదీ, జవాబు. రెండు వందల పైన వరసలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరసనుంచి చివరిదాకా చదివాడు, మధ్యలో ఒక్క మాట అనలేదు. కండక్టర్లు ట్రిప్పు ట్రిప్పుకీ ఎస్సార్ నింపుతారు, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా టికెట్లు తెగాయో రాసి. చెకింగ్ వాళ్ళొచ్చినప్పుడు టికెట్లకీ డబ్బుకీ తేడా వస్తే ఉద్యోగం మీదకొస్తుంది. చిన్నప్పుడు ఆయన ఇంటికొచ్చాక చిల్లర లెక్కపెడుతుంటే మేం మాట్లాడకూడదు. అలా చదివాడు. చదివాక, “అప్పుది గూడ ఇట్లాంటి కాయితం ఉందా?” అన్నాడు. లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని తయారుచేశాం. వీసా ఫీజు 740 డాలర్లు, టికెట్లు, ఇన్సూరెన్స్, గౌను, పెట్రోలు, అన్నీ ఎక్కించాం. హాల్లో పరుపు సంగతి కూడా అప్పుడే చెప్పాను. “తెలుసు,” అన్నాడు. “అలమార జరిపి చూసినం, మీ అమ్మ చీపురు కోసం ఎతుకుతుంటే.” మొదటి వారంలోనేనట.

అబద్ధం చెప్పినందుకు తిట్టాడు. ఇంటికెళ్ళాక అమ్మ ఇంకా తిట్టింది, పాయసం గురించి ప్రత్యేకంగా. ఆ రాత్రినుంచి గదిలో ఆ ఇద్దరమ్మాయిలు వాళ్ళ మంచాలమీద వాళ్ళు పడుకున్నారు, మేం ముగ్గురం హాల్లో పడుకున్నాం. మిగిలిన రెండు వారాలూ నాన్న పొద్దున ఆరింటికి పార్కింగ్ లాట్‌కి వెళ్ళలేదు, బస్సెక్కి తిరిగాడు. ఒకరోజు ఏ-ట్రైన్ ఎక్కి డాలస్ దాకా వెళ్ళొచ్చాం. ఖర్చు షీట్లో ఎక్కించాడు.

ఉద్యోగం డెబ్బై ఒకటో రోజున వచ్చింది. అనుకున్నదానికంటే తక్కువ జీతం, ఏడాది కాంట్రాక్టు. ఆ షీటు ఇప్పుడు నాన్న దగ్గరే ఉంటుంది. ప్రతి నెలా ఐదో తారీకున అప్పు స్టేట్‌మెంట్ పంపిస్తాను, ఆయన సరిచూసుకుంటాడు. పోయిన నెల బ్యాంకువాళ్ళు లోన్ ఇన్సూరెన్స్ పేరుతో రెండుసార్లు డబ్బు కోశారని ఆయనే పట్టుకున్నాడు. నేను చూసుకోలేదు. బ్రాంచికి వెళ్ళి కాగితం రాసిచ్చి వచ్చాడు. ఇంకా జవాబు రాలేదు, సోమవారం మళ్ళీ వెళ్తానంటున్నాడు.